బీగం తీయించండి సార్: తిరుపతి పాత భవనాల గురించి మంత్రిగారికి ఒక లేఖ

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. తిరుపతి నుంచి రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. ఊళ్ళో ప్రభుత్వానివే అయ్యుండి, బీగం వేసి వదిలేసిన పాత భవనాల్లో ఒకదాన్నైనా బాగు చేయించి, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు రీడింగ్ రూమ్‌గా ఇప్పించండి. మ్యూజియం వద్దు, సెల్ఫీ పాయింట్ అసలే వద్దు.

తిరుపతిలో ఏది కట్టినా ముందు యాత్రికుడికే. తప్పనను, ఊరు బతికేదే వాళ్ళ మీద. కానీ డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ అని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని చదివే పిల్లలు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నారు. డబ్బున్నవాళ్ళు నెలకింత కట్టి ప్రైవేటు స్టడీ హాల్లో ఒక కుర్చీ సంపాదించుకుంటారు, లేనివాళ్ళు యూనివర్సిటీలో ఏ చెట్టు కిందో కూర్చుంటారు, వాన పడితే పుస్తకం మూసేయడమే. సాయంత్రం పూట ఒక పెద్దాయన పేపరు చదువుకోవాలన్నా టీ అంగడి బెంచీ తప్ప వేరే చోటు లేదు.

మా ఇంటికి దగ్గర్లో ఒక పాత ఆఫీసు భవనం ఉంది. ఏ శాఖదో చెప్పను, చెబితే అక్కడున్న చిన్న ఉద్యోగి మీద పడుతుంది. మద్రాసు మిద్దె అంటామే, అది: టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా ఐమూలగా పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి కొట్టిన కప్పు. ఆ దూలాలు ఇప్పటికీ ఇనుములా గట్టిగా ఉన్నాయి. చెడిపోయింది ఎక్కడంటే, బాగు చేసిన చోట. కింది గోడకు ఎప్పుడో సిమెంటు పూశారు. పాత ఇటుక మెత్తన, తేమ పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది, గానుగ సున్నం దాన్ని బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. లోపల చిక్కిన తేమలోని ఉప్పు పేరుకుని ఇటుక పొరను తోసేస్తుంది. చేత్తో తడితే సిమెంటు పెచ్చు ఊడింది, దానికి అంటుకుని ఇటుక మొహం కూడా వచ్చేసింది. పిట్టగోడ మీద రావి మొక్క ఉంది. ఏటా ఎవరో కొమ్మ కొట్టేస్తారు, వేరు మాత్రం గోడలోనే ఉంటుంది, వానలకు మళ్ళీ చిగురేస్తుంది, పగులు ఇంకాస్త వెడల్పవుతుంది. ఇలా కొన్నేళ్ళు పోనిచ్చి, ఒకరోజు 'శిథిలావస్థకు చేరింది' అని బోర్డు పెడతారు. తర్వాత టెండరు. తర్వాత కింద అంగళ్ళు, పైన ఆఫీసులతో ఒక కాంప్లెక్స్.

గాంధీ రోడ్డులోని హథీరాంజీ మఠం కట్టడం విషయంలో కూల్చాలా, నిలపాలా అని ఊళ్ళో ఎంత గొడవైందో మీకు తెలియంది కాదు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ ఆ మఠం మహంతుల చేతుల్లో ఉండేది. అలాంటి చోట గోడ ఆగుతుందా లేదా అనేది సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజనీర్లు పరీక్ష చేసి చెప్పాలి, ఆ రిపోర్టు జనం చూసేలా పెట్టాలి. కాంక్రీటు లెక్కలతో పాత గోడను చూస్తే ఏ గోడైనా ఫెయిలే.

ఇది మన వల్ల అయ్యే పనేనా అంటారేమో. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు కలెక్టరేట్ ఎక్కడ పెట్టారు సార్? యాత్రికుల బస కోసం తిరుచానూరు దగ్గర టీటీడీ కట్టిన పద్మావతి నిలయంలో. అవసరం మనదైతే ఒక పని కోసం కట్టిన భవనం ఇంకో పనికి చకచకా సరిపోయింది. అదేదో కొత్త భవనం కాబట్టి కుదిరింది అంటారా, విజయవాడలో 1887లో ఎగ్జిబిషన్ కోసం మొదలుపెట్టిన విక్టోరియా జూబ్లీ భవనం తర్వాత మ్యూజియం అయింది, బాగు చేసి 2020లో బాపు మ్యూజియంగా తెరిచారు. అమృత్‌సర్ టౌన్ హాల్లో 2017లో దేశ విభజన మ్యూజియం పెట్టారు. కొచ్చిలో ఒకప్పుడు సుగంధ ద్రవ్యాల వ్యాపారం నడిచిన ఆస్పిన్‌వాల్ హౌస్‌లో 2012లో బినాలే కళా ప్రదర్శన పెడితే ప్రపంచం వచ్చి చూసింది.

పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే పుదుచ్చేరి దాకా వెళ్తే చాలు. ఫ్రెంచివాళ్ళ కాలపు మేరీ (టౌన్ హాల్) భవనం 2014 నవంబరు వానలకు కుప్పకూలింది. తర్వాత అదే రూపంలో కోట్లు పోసి కట్టుకున్నారు, 2021లో ప్రారంభించారు. చూడ్డానికి బాగుంది, కానీ అది కొత్త భవనం.

మన చంద్రగిరి రాజమహల్ అదృష్టవంతురాలు. పురావస్తు శాఖ చేతిలో ఉంది, మ్యూజియం నడుస్తోంది, స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు. కోటకు, గుడికి కేంద్ర చట్టమో 1960 నాటి రాష్ట్ర చట్టమో కూల్చకుండా అడ్డం నిలుస్తుంది. నూరేళ్ళ నాటి బడికి, సత్రానికి, తాలూకాఫీసుకి ఎవరున్నారు? వాటిని ఏ జాబితాలోనూ ఎక్కించరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు చదివింది తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో. ఈ సంగతి ఊళ్ళో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి, మా వాళ్ళలో సగం మంది నమ్మరు కూడా.

పనివాళ్ళు దొరకరు అనే మాట కూడా విన్నాను. తిరుపతిలో టీటీడీ వాళ్ళ శిల్ప కళాశాల ఉంది, ఎస్వీ యూనివర్సిటీలో పురావస్తు విభాగం ఉంది, ఏర్పేడులో ఐఐటీ ఉంది. ఈ ముగ్గుర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి మీ ఫోన్ ఒకటి చాలు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపి రుబ్బే పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, గుళ్ళ పనుల్లో దొరుకుతారు. కాకపోతే చదరపు అడుగుకింత అని కొత్త కాంక్రీటుకు ఎస్టిమేట్ వేసినట్టు వీళ్ళ పనికి వేస్తే ఏ కాంట్రాక్టరూ రాడు, ఆ రేట్లు విడిగా కట్టించండి.

ఇంకో మాట, ముఖ్యమైనది. బాగు చేయించి రిబ్బన్ కత్తిరించి మళ్ళీ బీగం వేసే పని చేయకండి దయచేసి. మరుగుదొడ్డి, తాగునీళ్ళు, ఫ్యాన్లు, రాత్రి పది దాకా లైటు, తలుపు తీసే మనిషికి నెల జీతం, ఇవి మొదటి ఎస్టిమేట్‌లోనే ఉండాలి. మనుషులు తిరిగే చోట కారే కప్పును ఆ రోజే ఎవరో ఒకరు చూస్తారు. పార్కింగ్ లేదని అడ్డం చెప్పేవాళ్ళకు నా జవాబు: చదువుకునే పిల్లలు నడిచో, సైకిల్ మీదో, బస్సులోనో వస్తారు.

మొత్తం ప్రాజెక్టుకు టైం పడుతుందని తెలుసు. ఈలోగా చిన్న పని ఒకటి చేయించండి. మాకు గట్టి వానలు పడేది అక్టోబరు, నవంబరులోనే, 2021 నవంబరులో ఊరంతా ఎలా మునిగిందో గుర్తుండే ఉంటుంది. ఆ లోపు ఖాళీగా ఉన్న ప్రతి పాత ప్రభుత్వ భవనం మీదికి ఒక మనిషిని ఎక్కించి, తూముల్లో ఆకులు తీయించి, రావి మొక్కల్ని వేళ్ళతో సహా పెకలించి ఆ సందుల్లో సున్నం పెట్టించండి. ఆ భవనాల జాబితా, ఏది ఏ శాఖదో, కార్పొరేషన్ ఆఫీసు నోటీసు బోర్డులో అంటించమనండి. అది చూసుకుని మిగతావి మేమే వచ్చి అడుగుతాం.

ఇట్లు,
తిరుపతి వాసి ఒకరు