మంత్రిగారూ, "మీ వల్ల అవుతుందా?" అని అడిగించండి

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్లలో ఎన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయో, ఎన్ని కాపర్ టీలు వేశారో, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్లు ఎన్ని ఇచ్చారో ఉంటుంది. మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నావిడ మూడు నెలలకు రెండోదానికి ఎందుకు రాలేదో ఉండదు. అంతర మొదలుపెట్టాక నెలసరి గాడి తప్పడం, ఒక్కోసారి ఆగిపోవడం మామూలే. ఆ మాట నర్సును అడిగి తెలుసుకునే ధైర్యం లేకపోతే భయపడి మానేస్తుంది. ఆ ధైర్యాన్ని కొలిపించమని మా విన్నపం.

కొలిచే పద్ధతులు లేకపోలేదు. 1986లో రూత్ లెవిన్సన్ అమెరికాలో టీనేజి అమ్మాయిల కోసం ఈ ధైర్యాన్ని కొలిచే ఒక ప్రశ్నావళి ఇచ్చారు. తర్వాత కెన్యా, నైజీరియా మహిళల కోసం తయారైనది మూడింటిని విడివిడిగా చూస్తుంది: భర్తతో మాట్లాడగలగడం, ఆరోగ్య సిబ్బందితో మాట్లాడగలగడం, పద్ధతిని ఎంచుకుని కొనసాగించగలగడం. ఈ విభజన మనకూ సరిపోతుంది. ప్రశ్నలు మాత్రం ఉన్నవున్నట్టు దించుకుంటే పనికిరావు.

చిక్కంతా మాటల్లో ఉంది. తెలుగు ఇళ్లలో "కుటుంబ నియంత్రణ" అంటే ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే; ఒడిశాలో 28 శాతం. అందుకే "కుటుంబ నియంత్రణ వాడగలరా?" అంటే "ఇంకో బిడ్డ కావాలండీ" అంటుంది తెలుగు కోడలు. కాగితం మీద అది ధైర్యం లేకపోవడంగా పడుతుంది. వద్దనుకోవడం వేరు, చేయలేకపోవడం వేరు. మాలా-ఎన్ (రోజువారీ మాత్ర), ఛాయ (వారపు మాత్ర), నిరోధ్, కాపర్ టీ అని పేరుపేరునా, చేతికిచ్చి చూపించి అడగాలి.

"ఆత్మవిశ్వాసం" పుస్తకాల మాట. "నమ్మకం ఉందా?" అంటే మందు మీద నమ్మకమనుకుంటారు. "మీ వల్ల అవుతుందా?" అంటే ఎవరికైనా తెలుస్తుంది. "ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. రోజు తప్పకుండా మింగడం మీ వల్ల అవుతుందా? అత్తగారు వద్దంటేనో? మీ ఆయన సూరత్ నుంచి పదిరోజులకని వస్తేనో?" గంజాం వలస కుటుంబాలకు ఈ చివరి ప్రశ్న ప్రాణం. ఆయన లేడని మాలా-ఎన్ ఆపేసినావిడ ఆయన వచ్చిన రోజున మొదలుపెడితే చాలదు. నెలసరికీ నెలసరికీ మధ్యలో మొదలుపెడితే తొలి 7 రోజులు నిరోధ్ కూడా కావాలి. అమెరికా అమ్మాయిల ప్రశ్నల్లో ఇది దొరకదు.

వ్యతిరేకార్థపు ప్రశ్నలు పెట్టవద్దు. "మీ ఆయనతో చెప్పలేరు కదా?" అన్నదానికి "ఔనండి" అంటే చెప్పగలదనా, చెప్పలేదనా? "కొంతవరకు అంగీకరిస్తాను" లాంటి మెట్లూ వద్దు. అవి చదివి వినిపిస్తే "పర్వాలేదండి" దగ్గర ఆగిపోతారు. ఐదు చింతపిక్కలు ముందు పోసి, ఎంత చేతనవుతుందో అన్ని తీయమనండి.

ఒడియా నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇక్కడి గిరిజన భాషలైన సవరకు, కువికి అనువాదం నడిపితే అర్థం మెట్టుమెట్టుకూ జారుతుంది. ప్రతి భాషకూ మూలం నుంచే, ఇద్దరు వేర్వేరుగా చేయాలి. మూలం చూడని మూడో మనిషి వెనక్కి అనువదించాలి. తర్వాత ఒక్కో భాషలో పది పన్నెండు మందిని "ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది?" అని అడగాలి. డబ్బు తక్కువైతే ఈ మెట్టునే ఎగరగొడతారు, దయచేసి ఎగరగొట్టనివ్వకండి. ఆపైన భాషకు కనీసం 200 మంది, వారిలో కొందరికి రెండు వారాలకు మళ్లీ అవే ప్రశ్నలు. క్రాన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క 0.7 దాటిందని సంతోషించి వదిలేయవద్దు. ప్రశ్నలు తమలో తాము పొసిగాయని మాత్రమే అది చెబుతుంది. తెలుగావిడ తీసిన మూడు పిక్కలూ సవరావిడ తీసిన మూడు పిక్కలూ ఒకటేనా అన్నది మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ అనే వేరే పరీక్షలో తేలాలి. తేలనంతవరకు జిల్లాలకు ర్యాంకులు వేయకండి.

అడిగే మనిషి ఆ ఊరి ఆశా కార్యకర్త కాకూడదు. మాత్రలు తెచ్చిచ్చే ఆవిడ ముందు "నా వల్ల కాదు" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. అత్తగారు వినే వసారాలో నోరే పెగలదు. వచ్చిన మార్కులను ఆశాల పనితీరుకు ముడిపెట్టవద్దు. ముడిపెడితే మరుసటేడు అందరూ ఐదు పిక్కలే తీస్తారు.

ఇట్లు,
ఒడిశా సరిహద్దు జిల్లాల్లో కుటుంబ నియంత్రణ సేవలతో పనిచేస్తున్న తెలుగువారు