కొలువు చుట్టూ రైలు మళ్ళీ తిరిగింది: మీ అందరికీ కృతజ్ఞతలు

దసరా అయిపోయింది. బొమ్మలన్నీ పాత చీరముక్కల్లో చుట్టి అటకెక్కించేశాం. నాన్న బొమ్మ రైలున్న పెట్టె మాత్రం ఇంకా హాల్లోనే ఉంది. నాన్న దాన్ని పైన పెట్టనివ్వడం లేదు. అది కళ్ళెదురుగా ఉండగానే ఈ నాలుగు మాటలూ రాసేయాలని కూర్చున్నాను.

"చెన్నైలో మోడల్ రైలింజన్ బాగుచేసేవాళ్ళు గానీ, దాని విడిభాగాలు అమ్మే షాపు గానీ ఎవరికైనా తెలుసా?" అని రెండు నెలల పాటు నేను అడగని మనిషి లేడు. పని మానుకుని వాకబు చేసినవాళ్ళున్నారు, తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసిపెట్టినవాళ్ళున్నారు. ఏమైందో మీకందరికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మద్రాసు, బెజవాడ దారిలో ఇంజన్లు నిలిపి బాగుచేసే పెద్ద లోకో షెడ్డు ఉన్న ఊరు. నాన్న అక్కడ క్లీనరుగా చేరి, ఇంజన్‌లో బొగ్గు వేసే సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్ అయి, డ్రైవరుగా రిటైరయ్యారు. 1994లో మా చిన్న మామయ్య కువైట్ నుంచి వస్తూ నాన్న కోసం ఒక రైలు సెట్టు తెచ్చాడు. నల్లటి ఆవిరింజన్, దాని వెనక బొగ్గూ నీళ్ళూ ఉండే టెండరు పెట్టె, నాలుగు డబ్బాలు, గుండ్రంగా బిగించుకునే పట్టాలు. బ్యాటరీ రైలు కాదది. పట్టాల్లోంచి 12 వోల్టుల కరెంటు వస్తుంది, చక్రాల మీదుగా మోటారుకి అందుతుంది. హెచ్‌ఓ స్కేల్ అంటారు, అసలు ఇంజన్‌లో 87వ వంతు. నాన్న మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఏడాదికొకసారి బొమ్మల కొలువుకి తీసి, మెట్ల ముందు పట్టాలు వేసి ఆయనే నడిపేవారు. చెన్నై వచ్చాక చూశాను, ఇక్కడ తమిళుల ఇళ్ళలో కూడా కొలువు ముందు పార్కు కట్టి చిన్న రైలు తిప్పుతారు. అది చూసిన రోజు నాన్నకి ఈ ఊరు నచ్చింది.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికే వచ్చేశారు. కిందటేడు దసరాకి ఇంజన్ కదిలిన ప్రతిసారీ టిక్, టిక్ అని చప్పుడు చేస్తూ కుంటింది. మా అబ్బాయి పాపం బాగవుతుందని కాస్త కొబ్బరినూనె వేశాడు. అష్టమి నాటికి పూర్తిగా నిలిచిపోయింది. నాన్న ఎవర్నీ ఒక్క మాటనలేదు. దాన్ని తుడిచి పెట్టెలో పెట్టి, "దీనికి షెడ్డు లేదమ్మాయ్ ఈ ఊళ్ళో" అన్నారు. ఆ మాట ఏడాది పాటు నా చెవిలోనే ఉంది.

పెద్ద మాల్స్‌లో బొమ్మల షోరూములన్నీ తిరిగాను. అక్కడ దొరికేవి బ్యాటరీ రైళ్ళు. "పాతది పడేసి కొత్తది కొనండి మేడమ్" అన్నారు, అంతకంటే చెప్పడానికేం లేదు. మొదటి సాయం ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో దొరికింది. ఆ జనంలో, ఆ తోపులాటలో, ఒక చిన్న కొట్టు కుర్రాడు నా ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని మీటరు పెట్టి చూశాడు. తర్వాత ఇంజన్ తిరగేసి రెండు తీగలు చక్రాలకి ఆనించాడు. లోపల మోటారు గుయ్‌మంది, చక్రాలు మాత్రం ఒక చుట్టు తిరగబోయి తన్నుకుని ఆగాయి. "కరెంటు బాగుంది, మోటారు బాగుంది అక్కా. లోపల ఏదో ఇరుక్కుంటోంది. నేను విప్పితే మళ్ళీ బిగించలేను, తెలిసినవాళ్ళకే ఇవ్వు" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. తనకి రాని పని రాదని చెప్పడం వల్లే ఆ ఇంజన్ మాకు దక్కింది. తమ్ముడూ, నీకు తెలుగు చదవడం రాదు, కానీ ఇది ఎవరైనా నీకు చదివి వినిపిస్తారని ఆశ.

రెండోది పెరంబూరు రైల్ మ్యూజియం. ఒక ఆదివారం నాన్నని ఊరికే తీసుకెళ్ళాను. ఆ పక్కనే ఐసీఎఫ్, అంటే ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, 1955 నుంచి రైలు పెట్టెలు కడుతున్న కార్ఖానా. అక్కడ పాత ఇంజన్ నీడలో కూర్చున్న ఒక పెద్దాయన, నాన్న చక్రాల వైపు చూస్తున్న తీరు చూసి, "మీరు రన్నింగ్ స్టాఫా?" అని తెలుగులోనే అడిగారు. రన్నింగ్ స్టాఫంటే బండి నడిపే సిబ్బంది. ఆయనది ఒంగోలు వైపు, ఐసీఎఫ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారట. గంటన్నర మాట్లాడుకున్నారిద్దరూ. లేచే ముందు నేను మా ఇంజన్ సంగతి చెబితే, పురసవాక్కంలో ఒక మేడ మీది గదిలో ఈ రైళ్ళ సరుకు అమ్మే ఆయన ఉన్నారని, దారి కాగితం మీద గీసి ఇచ్చారు. బోర్డు కూడా లేని షాపది. పెద్దాయనా, మీరు గీసిన ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

ఆ మేడ మీద నాకు మొదటిసారి నిజమైన షాపు కనిపించింది. పట్టాలు విడివిడిగా, ఒక్కొక్క ముక్క లెక్కన అమ్ముతున్నారు. పట్టాల్ని కలిపే సన్నటి రేకుముక్కలు చిన్న సంచుల్లో ఉన్నాయి. నాన్న ఒకటి వేలి మీద పెట్టుకుని "ఫిష్‌ప్లేటు!" అన్నారు. అసలు పట్టాల్ని కలిపే ఇనుపపట్టీని అలాగే అంటారు. ఆయన ముఖం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. షాపాయన ఇంజన్ చక్రం మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇరుసు మీది గేరు చీలింది. నా దగ్గర లేదు" అన్నారు. పక్కన అలమరలో కొత్త ఇంజన్లు మూడున్నాయి. ఒక్కటి కూడా తీసి చూపించలేదు. అడిగితే, "మీకు కావలసింది ఇది కదా" అని నాన్న చేతిలోదే చూపించారు. అప్పటికప్పుడు బెంగళూరులో ఇలాంటి షాపొకదానికి ఫోన్ చేసి, తమిళంలో, ఇంగ్లీషులో గేరు కొలతలు చెప్పి, ఎప్పుడు రావాలో కనుక్కుని మాకు చెప్పారు.

ఒక గేరు కోసం 350 కిలోమీటర్లా అని మావారు ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట ఇక్కడ రాయకపోతే అన్యాయం. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. వాలాజాపేట దగ్గర నాన్న కారు నెమ్మదిగా పోనివ్వమన్నారు. దక్షిణాదిన మొదటి రైలు 1856 జులై 1న రాయపురం నుంచి బయల్దేరి ఈ వాలాజా రోడ్డు స్టేషన్ దాకానే వచ్చింది అని మా అబ్బాయికి చెప్పారు. ఆంబూరు దాటాక హైవే పక్కన రైలుకట్ట కనిపించినంతసేపూ ఏ ఇంజన్ వెళుతోందో చెబుతూనే ఉన్నారు. అమ్మ పోయాక ఆయన అంత మాట్లాడగా నేను వినలేదు.

బెంగళూరు షాపు మల్లేశ్వరం వైపు, ఒక ఇంటి కింది గది. పేరు రాయొద్దని యజమాని ప్రత్యేకంగా అడిగారు, అందుకే రాయడం లేదు. కావలసినవాళ్ళు నన్ను విడిగా అడిగితే దారి చెబుతాను. ఆయన కన్నడిగులే గానీ అమ్మగారిది హిందూపురమట, తెలుగు చక్కగా మాట్లాడతారు. గది గోడల చుట్టూ ఛాతీ ఎత్తున చెక్క అరుగు, దాని మీద పట్టాలు. ఆ పట్టాల మీద నడిపి చూపించకుండా ఏ ఇంజనూ గడప దాటదు.

బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, స్పాంజి గాడిలో ఇంజన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. స్క్రూలు ఒక స్టీలు గిన్నెలో వేశారు, గిన్నె అడుగున అయస్కాంతం. అడుగు రేకు తీయగానే గేర్ల మధ్య గోధుమరంగు జిగురు, మా కొబ్బరినూనె, దుమ్ము కలిసి గడ్డకట్టింది. దాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తీస్తూ, ఎంత ఓపికగానో మా అబ్బాయికి వివరించారు: వంటనూనెలు ఆరేకొద్దీ బంకవుతాయి, ప్లాస్టిక్‌కి పడే పల్చటి నూనె సూది మొనతో ఒక చుక్క చాలు, అదీ ఇరుసు చివర్లకే. వాడిని తిట్టలేదు, "వేయాలనుకున్నావు చూడు, అదే ముఖ్యం" అన్నారు.

తర్వాత భూతద్దం నాన్న చేతికిచ్చారు. మూడో ఇరుసు మీది తెల్ల గేరు మీద వెంట్రుకంత గీత. ఇరుసు ఇనుము, గేరు ప్లాస్టిక్. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, లోపలి ఇనుము కుంచించుకోదు, బిగువుకి గేరు చీలుతుంది. చీలిన చోట రెండు పళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది. పక్క గేరు పన్ను ఆ సందులోకి సరిగా దిగక ఎక్కి దూకుతుంది. చుట్టుకొకసారి టిక్. కిందటేడు మేము విన్న చప్పుడు అదే. నాన్న భూతద్దంతో పళ్ళు లెక్కపెట్టారు, 22. మళ్ళీ లెక్కపెట్టారు, 22. షాపాయన డబ్బాలోంచి అన్నే పళ్ళున్న గేరు ఏరి తీశారు.

గేరు మార్చాలంటే ఇరుసు నుంచి ఒక చక్రం ఊడదీయాలి. మళ్ళీ తొడిగేటప్పుడు కుడివైపు క్రాంకుకీ (చక్రానికి కడ్డీ తగిలించే చోటు) ఎడమవైపు క్రాంకుకీ మధ్య 90 డిగ్రీల తేడా ఉండాలి, మూడు ఇరుసులకీ ఒక్కలాగే. లేకపోతే చక్రాల్ని కలిపే కడ్డీలు పట్టేసి ఇంజన్ కదలదు. ఆయన ఈ మాట చెప్పబోతుంటే నాన్నే అందుకున్నారు: "పెద్దింజన్‌కీ అంతే సార్. ఒక పక్క పిస్టన్ చివరికొచ్చి ఆగినా రెండో పక్కది తోస్తుంది. లేకపోతే స్టేషన్‌లో బండి లేవదు." ఆయన చేతిలో పని ఆపి లేచి నిలబడి నాన్నకి నమస్కారం చేశారు. "మీరు నిజంగా నడిపినవాళ్ళు, నేను పుస్తకాల్లో చదివినవాణ్ణి" అన్నారు. అప్పటినుంచి ఆ పని ఇద్దరూ కలిసే చేశారు, ఒకరు పట్టుకుంటే ఒకరు నొక్కుతూ.

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే తెలిసింది. హెచ్‌ఓ పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 1435, అంటే చాలా దేశాల్లో వాడే స్టాండర్డ్ గేజ్. మన రైళ్ళ బ్రాడ్ గేజ్ 1676 కాబట్టి నిజానికి 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. "ముప్పై ఏళ్ళ నుంచి అనుకుంటున్నా, కట్ట ఇరుకుగా ఉందేందని!" అన్నారు నాన్న. చెన్నై మెట్రో నడిచేది ఆ స్టాండర్డ్ గేజ్ మీదే అని ఆయన చెబితే, ఇప్పుడు నాన్న మెట్రో ఎక్కినప్పుడల్లా వంగి పట్టాలు చూస్తున్నారు.

అలమరలు సగం ఖాళీగా ఎందుకున్నాయని అడిగాను. దిగుమతి సుంకం లెక్కలో ఇవీ బొమ్మల కిందికే వస్తాయి. ఆ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు కూడా తప్పనిసరి. ఇక్కడి బొమ్మల పరిశ్రమకి అది మంచిదే కావచ్చు. కానీ రైలు మోడళ్ళు చేసేవాళ్ళు మన దగ్గర బహు తక్కువ. ఇలాంటి గదులు నడిపేవాళ్ళు లాభం చూసుకుంటే ఎప్పుడో మూసేసుండాలి. అందుకే మీరెవరైనా వెళితే, అక్కడ చూసి వచ్చి బయట చౌకగా తెప్పించుకోకండి. పట్టా ముక్కయినా సరే ఆ షాపులోనే కొనండి, ఇది నా విన్నపం.

గేరుకీ, చక్రాలకి వేసే రబ్బరు పట్టీలకీ కలిపి 320 రూపాయలు తీసుకున్నారు. పనికి పైసా తీసుకోలేదు. దసరా అయ్యాక ఇద్దరు షాపువాళ్ళకీ, పెరంబూరు పెద్దాయనకీ నెల్లూరు మలైకాజా పంపాను. అది బాకీ తీర్చడానికి కాదు, తీరదు కూడా.

పాడ్యమి సాయంత్రం పేరంటాళ్ళు రాకముందే నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. మీట తిప్పారు. టెండరు చిన్నగా ఊగింది, ఇంజన్ చప్పుడు లేకుండా కదిలి, రాజా రాణీ బొమ్మల ముందు నుంచి, సెట్టి బొమ్మల కొట్టు పక్కనుంచి తిరిగొచ్చింది. తొమ్మిది రోజులూ తిరిగింది. చుట్టుపక్కల పిల్లలంతా వచ్చారు. ఈసారి నాన్న వాళ్ళనీ నడపనిచ్చారు.

నిన్న చూస్తే పెట్టె మూత లోపలి వైపు ఒక తెల్లకాగితం అంటించి ఉంది. షెడ్డులో రిపేరు పుస్తకం రాసే పద్ధతిలోనే గీతలు గీసి, నాన్న చేతిరాతతో: "ఫిర్యాదు: చుట్టుకొకసారి టిక్ శబ్దం. కారణం: మూడో ఇరుసు గేరు చీలిక. గేరు మార్చడమైనది, క్రాంకులు సరిచూడడమైనది. షెడ్డు: బెంగళూరు. ట్రయల్: సరే." కింద తేదీ, సంతకం, పక్కన ఆయన పాత హోదా.