మెరుపు కాదు, వాల్వులు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లి బ్యాండుల్లో కొత్తగా చేరే కుర్రాళ్లు అప్పు చేసి మరీ చౌక ట్రంపెట్‌ను పైమెరుపు చూసి కొంటున్నారు. ఆ డబ్బు వృథా కాకూడదు. వాల్వుల్లో, అంటే వేళ్లతో నొక్కే మీటల్లో, పైకీ కిందికీ కదిలే పిస్టన్లకు రెండేసి చుక్కల వాల్వ్ ఆయిల్ వేసి, వేలు కాస్త పక్కకు ఆన్చి నొక్కండి. గరగరమని గీసుకున్నా, నెమ్మదిగా పైకొచ్చినా వద్దనండి. రెండో వాల్వు నొక్కకుండానే దాని స్లైడును (బయటికి లాగగలిగే చిన్న గొట్టాన్ని) సగం లాగి, రెండు సెకన్లు ఆగి వాల్వు నొక్కితే ‘టప్’ మనాలి. అనకపోతే గాలి కారుతున్నట్టే. ఎంత ఊదినా పైస్వరాలు నిలబడవు. లోపల చేరే తేమను వదిలే నీటిమీట బెండు అరిగితే మార్చుకోవచ్చు, గంట (ముందున్న వెడల్పాటి మూతి) సొట్ట సరిచేయించవచ్చు. వదులైన వాల్వుకు చౌకలో వైద్యం లేదు.

— వాద్యాల మరమ్మతుదారు, విజయనగరం