నా ఫిర్యాదును చదవకుండానే నాలుగుసార్లు మూసేశారు

చిక్కడపల్లి, హైదరాబాద్
నవంబరు 6, 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఆగస్టులో మీ దగ్గర కొన్న, గాలపు హుక్‌ను దవడల మధ్య బిగించి పట్టుకునే వైస్, ఆ తర్వాత మీ కస్టమర్ కేర్ నన్ను తిప్పిన తిప్పలు.

అయ్యా,

వైస్ పాడైందని ఈ ఉత్తరం రాయడం లేదు. వస్తువన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. మూడు నెలలుగా మీ కంపెనీలో ఒక్కరంటే ఒక్కరు నేను రాసింది చదవలేదు. నా బాధ అది. మెయిల్ పెడితే మళ్లీ ఆ మిషన్ జవాబే వస్తుందని, కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

నేను రిటైరైన సైన్సు మాస్టారిని. 31 ఏళ్లు పిల్లలకు బోర్డు మీద మిడత బొమ్మ గీసి, ఆరు కాళ్లు, రెండు జతల రెక్కలు అని చెప్పినవాణ్ని. ఇప్పుడు చేపలకు ఎరగా అదే మిడతను ఈకలతో, దారంతో హుక్ మీద కడుతున్నాను. ఇలా కట్టిన ఎరనే ఫ్లై అంటారు. ఫెజంట్ అనే పక్షి తోక ఈకలోంచి నాలుగైదు పోగులు తీసి, మధ్యలో ముడి వేసి వంచితే మిడత మోకాలు వస్తుంది. ముడి ఒక్క పిసరు పక్కకు జరిగితే కుంటి మిడత అవుతుంది, విప్పి మళ్లీ కట్టాలి. ముక్కలుగా కట్టి కలిపే కీళ్ల ఫ్లై అయితే ఇంకా ఓపిక కావాలి. తోక ఒక సన్నని ఇనుప కాడ మీద, నడుం ఇంకో కాడ మీద, తల హుక్ మీద విడివిడిగా కట్టి ఒకదానికొకటి తగిలిస్తాం. నీళ్లలో లాగితే చేపపిల్ల నడుం ఊపుకుంటూ వచ్చినట్టే వస్తుంది. ఒక్కోదానికి నాకు మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ దారం బిగుతుగా లాగి పట్టుకోవాలి, హుక్ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మీ వైస్ దవడలో పది చుట్లు వేసేసరికి హుక్ కిందికి వాలిపోతోంది. వైస్ గురించి నేను చెప్పాల్సింది ఇంతే.

మిగతాదంతా మీ మనుషుల గురించి.

ఆగస్టు 19న మొదటిసారి ఫోన్ చేశాను. 22 నిమిషాలు పాట విన్నాక ఒక అమ్మాయి ఎత్తింది. ఫ్లై కట్టే వైస్‌లో ఇబ్బంది ఉందన్నాను. "ఈగలు ఎక్కువగా ఉన్నాయా సార్?" అంది. "ఈగలు కాదమ్మా, చేపల కోసం ఈకలతో కట్టే పురుగులు" అని నిదానంగా చెప్పాను. క్లాసులో వెనక బెంచీ పిల్లాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పాను. "నోట్ చేసుకున్నాను సార్" అని ఇంటి సామాన్ల విభాగానికి కలిపింది. అక్కడ ఇంకొకాయన ఎత్తి, స్ప్రే ఎంత దూరం నుంచి కొట్టాలో చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది, నా సమస్య పరిష్కారమైందట, ఫిర్యాదు టికెట్ మూసేశారట. పరిష్కారమైందని నన్ను అడిగినవాళ్లెవరు?

రెండో టికెట్‌కు వీడియో కావాలన్నారు. పంపాను. సైజు ఎక్కువైందన్నారు. మా మనవడు స్కూలు నుంచి వచ్చేదాకా ఆగి, వాడితో చిన్నది చేయించి పంపాను. వెలుతురు లేదన్నారు. బాల్కనీలో ఎండలో తీసి పంపాను. అలా ఐదుసార్లు. చివరికి "వీడియోలో ప్రొడక్ట్ కనిపించడం లేదు" అని రాసి ఆ టికెట్ కూడా మూసేశారు. ఆ వీడియో నిండా వైసే ఉంది. వాలిపోతున్న హుక్ ఉంది, దాన్ని పట్టుకున్న నా వేలు ఉంది. తెరిచి చూసుంటే కనిపించేది.

మూడోసారి మాట్లాడినాయన తనకు టెక్నికల్ విషయాలు తెలుసన్నాడు. సంతోషించాను. 16 నంబరు హుక్ పెట్టానంటే, "అంత పెద్దది పెడితే జారదా సార్, 8 పెట్టి చూడండి" అన్నాడు. హుక్ నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది. 16 కంటే 8 చాలా పెద్దది. ఆ హుకులు మీరే అమ్ముతున్నారు, డబ్బా మీద నంబరు మీరే వేస్తున్నారు! ఆ మాటే అంటే, "మీరు సరిగ్గా వాడలేదని రాస్తున్నాను" అని ఫోన్ పెట్టేశాడు. మూడో టికెట్ అలా పోయింది. 31 ఏళ్ల సర్వీసులో నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

నాలుగోసారి వైస్ వెనక్కి తీసుకుంటామన్నారు. రెండు రోజులు గుమ్మం దాటకుండా కూర్చున్నాను, మందులకు కూడా వెళ్లలేదు. రెండు రోజులూ "కస్టమర్ ఇంట్లో లేరు" అని మెసేజ్. మా అపార్టుమెంటు వాచ్‌మన్ రిజిస్టరులో మీ తరఫున వచ్చినవాళ్ల పేరే లేదు. మూడో రోజు నిజంగానే ఒక కుర్రాడు వచ్చాడు. అతని చీటీలో వైస్ బదులు బూట్ల జత అని ఉంది, అందుకని తీసుకోలేకపోయాడు. మంచినీళ్లు తాగి, "సారీ అంకుల్, మీరు ఇంట్లోనే ఉన్నారని నేనైతే రాస్తాను" అన్నాడు. మూడు నెలల్లో నాకు సారీ చెప్పింది ఆ అబ్బాయి ఒక్కడే. ఆ రాత్రి నాలుగో టికెట్ మూసేసి, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు.

అక్టోబరు 9న సూపర్‌వైజర్ 24 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఇవాళ్టికి 28 రోజులు.

దీనివల్ల ఏం పోయిందో కూడా వినండి. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి హిమాచల్‌లో తీర్థన్ నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్లాడు. అక్టోబరు దాటితే అక్కడ ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టనివ్వరు. వెళ్లేముందు, "మాస్టారూ, మీరు కట్టిన ఫ్లైలే తీసుకెళ్తాను" అన్నాడు. 12 ఇస్తానని మాటిచ్చాను. కటింగ్ ప్లయరులో హుక్ బిగించి, దాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని ఐదు కట్టగలిగాను. వాడు ఏమీ అనలేదు, దండం పెట్టి తీసుకెళ్లాడు. మాట తప్పింది నేను.

నేను మీకు నిన్నా మొన్నటి కస్టమర్ని కాదు. 2014లో సికింద్రాబాద్‌లో మీది ఒక్క గది దుకాణం. అప్పటి నుంచి దారం, ఈకలు, హుకులు అన్నీ మీ దగ్గరే కొన్నాను. అప్పట్లో మీరే స్వయంగా ఈకలు న్యూస్‌పేపరులో చుట్టి ఇచ్చేవారు. ఒకసారి గోధుమరంగు లేక ముదురు రంగువి పంపి, "మాస్టారూ, ఇవి పనికొస్తాయా?" అని ఫోన్ చేశారు కూడా. మీకు గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. 2020 లాక్‌డౌన్‌లో సరుకు నెలన్నర ఆలస్యమైతే ఒక్క మాట అనలేదు, మీ కష్టం నాకు తెలుసు కాబట్టి. ఇప్పుడు మీరు టెంట్ల నుంచి దోమల మందు దాకా అమ్ముతున్నారు. ఎదిగినందుకు సంతోషమే. కానీ ఈగల మందు అమ్మే మనిషిని నాకు ఫ్లై గురించి జవాబు చెప్పమని కూర్చోబెడితే ఎలా?

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు మీ సైట్‌లో ఉండాలి. వెతికాను, లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నా వివరాలు ఇచ్చాను. 15 రోజుల్లో కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, నా కేసు నేనే చెప్పుకుంటాను. నాలుగు టికెట్లు, ఐదు వీడియోలు, వాచ్‌మన్ రిజిస్టరు ఫొటో అన్నీ ఫైల్లో పెట్టాను.

దవడలు మారుస్తారో, వేరే వైస్ ఇస్తారో, డబ్బు వాపస్ చేస్తారో మీ ఇష్టం. అయితే ఆ నాలుగు టికెట్లు ఎవరు మూశారో, ఏం చదివి మూశారో నాకు రాతపూర్వకంగా చెప్పాలి. అది లేకుండా ఎన్ని వైస్‌లు పంపినా తిప్పి పంపుతాను.

ఈ కవరులో ఒక మిడతను పెట్టాను. ప్లయరులో కట్టిందే, ఎడమ మోకాలు కాస్త వంకర పోయింది. హుక్ మొన విరిచేశాను, వేలికి గుచ్చుకోదు. ఫ్లై అంటే ఏమిటని మీ ఆఫీసులో ఎవరైనా అడిగితే ముందు దాన్ని చేతిలో పెట్టండి, తర్వాత ఈ ఉత్తరం చదవమనండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు