బాకీ ఉంటే బంగారం ఇస్తరా సార్?

దేవరకొండలోని మా బ్యాంకు మేనేజర్ గారికి,

నమస్కారం. బోరు కోసం అమ్మ పుస్తెలతాడు కుదువబెట్టి మీ దగ్గర అప్పు తీసుకున్న. పత్తి అమ్మి వడ్డీతో సహా కట్టిన. తాడు మీ చేతులతోనే తిరిగిచ్చిన్రు. బాకీ లేదని మీరిచ్చిన నో డ్యూ కాగితం మీద ఊదారంగు ముద్ర ఇంకా చెరగలేదు. మరి నా అప్పుల లెక్క చూపే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా బాకీగా ఎట్ల ఉంది?

ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే, బ్యాంకు ఒప్పుకుంటేనే దిద్దుతమన్నరు. మీ కౌంటర్ల అడిగితే రిపోర్టు కంపెనీనే అడగమంటున్నరు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 రోజుల్ల తేల్చాలె. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఇప్పటికి 47 రోజులు. పరిహారం తర్వాత, ముందు నా పేరు మీది మచ్చ పోవాలె. ట్రాక్టర్ లోను దీనివల్లనే ఆగింది.

సరిచేసిన వివరాలు ఈ వారమే పంపండి. లేకుంటే ఇదే లేఖ బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపుత.

ఇట్లు,
మీ ఖాతాదారు, ఒక పత్తి రైతు