తలపాగా తీస్తేనే ప్రమోషనా?

సంపాదకులకు,

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో టీచర్లు, పోలీసులు, ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు డ్యూటీలో మత చిహ్నాలు ధరించకూడదని 2019 జూన్‌లో చట్టం చేశారు. బిల్లు 21 అంటారు దాన్ని. సెక్యులరిజం అంటే అలా ఉండాలని మన దగ్గరా కొందరు మెచ్చుకుంటున్నారు. సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఆ మాట మింగుడుపడటం లేదు.

క్విబెక్ ప్రజల జంకు నాకు అర్థమవుతుంది. 1960ల దాకా అక్కడి బడులు, ఆసుపత్రులు చాలావరకు క్యాథలిక్ చర్చి చేతిలోనే ఉండేవి. కానీ ఆ పెత్తనం చేసింది హిజాబ్ కట్టుకున్న టీచరమ్మ కాదు కదా! అసెంబ్లీ హాల్లో 1936లో తగిలించిన శిలువను తీసింది మాత్రం ఈ చట్టం చేశాకే.

చట్టంలో ఒక మెలిక ఉంది. 2019 మార్చి 27 నాటికే ఉద్యోగంలో ఉన్న టీచర్లు చిహ్నంతోనే కొనసాగవచ్చు, అదీ ఆ పోస్టులో ఉన్నంతకాలమే. సిక్కు టీచరు హెడ్మాస్టర్ కావాలంటే తలపాగా తీసేయాలి. ఇదెంత అవమానమో సర్వీసు చేసిన ఎవరికైనా తెలుస్తుంది. 2021 చివర్లో చెల్సీ అనే ఊళ్లో మూడో తరగతి టీచర్‌ను హిజాబ్ వేసుకుందని క్లాసు నుంచి తప్పించి వేరే పనిలో పెట్టారు. ఆమెకు మద్దతుగా ఊరివాళ్లు బడి కంచెకు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టారు. పిల్లల్ని మతం వైపు లాగుతోందని ఆమె మీద ఫిర్యాదేమీ లేదు. ఉన్నదల్లా తల మీద గుడ్డ!

మతానికి చెందినదని తోచే నగ కూడా ఈ చట్టం కిందికి వస్తుంది. రేపు అక్కడ టీచర్ కావాలనుకునే మన అమ్మాయి మెడలో వెంకటేశ్వరస్వామి లాకెట్ సంగతేమిటి?

ఇలాంటి ఆంక్ష జడ్జీలు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు, జైలు గార్డుల వంటివారికి చాలని, టీచర్లకు అక్కర్లేదని క్విబెక్ ప్రభుత్వమే వేసిన బూషార్–టేలర్ కమిషన్ 2008లోనే చెప్పింది. ప్రభుత్వం వినలేదు. పైగా హక్కుల చార్టర్ అడ్డురాకుండా అందులోని కొన్ని హక్కులను పక్కనపెట్టి చట్టం చేయనిచ్చే, రాజ్యాంగంలోని 33వ సెక్షన్‌ను వాడుకుంది. దాని ఐదేళ్ల గడువు తీరబోతుంటే 2024లో మళ్లీ పొడిగించింది. ఈ చట్టం మీద వేసిన కేసు కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఉగాది, బతుకమ్మ నిండుగా జరుపుకునే స్వేచ్ఛ కెనడాలోని మన తెలుగు సంఘాలకు ఉంది. ఆ హిజాబ్ టీచర్ల పక్షాన, తలపాగా టీచర్ల పక్షాన కూడా అవి గొంతు విప్పాలి. మీ పత్రిక ఈ కేసు గురించి వివరంగా రాయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి