చివరి తేదీ సరే, మొదటి తేదీ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, ఆలస్యానికి జరిమానా అడిగినప్పుడు పిల్లలు చెప్పే కథలు వినడం నా ఉద్యోగం. వీటితోపాటు గుమ్మం పక్కనున్న అద్దాల నోటీసు బోర్డు తాళం చెవి కూడా నా గుత్తిలోనే ఉంటుంది. ఈ ఉత్తరం ఆ బోర్డు గురించి. మీ పత్రిక గురించి కూడా కాస్త ఉంది, కోపం తెచ్చుకోకుండా చదవగలరు.

బోర్డు నెత్తిన "రాబోయే కార్యక్రమాలు, అవకాశాలు" అని తెల్ల పెయింటుతో రాసి ఉంటుంది. ఈమధ్య పరీక్షలయ్యాక జనం పలచబడ్డ రోజొకటి చూసి, దుమ్ము దులుపుదామని తలుపు తీశాను. తీసినదాన్ని ఊరుకోక లెక్కపెట్టాను. 31 కాగితాలు. వాటిలో 19 గడువు దాటిపోయినవి. ఒకదాని మీద ఒకటి గుచ్చి గుచ్చి కొన్నిచోట్ల నాలుగు పొరలయ్యాయి. ఒక వ్యాసరచన పోటీ కాగితమైతే వెలిసిపోయి తేదీ, స్థలం కనిపించడం లేదు. "అందరూ ఆహ్వానితులే" అన్నది మాత్రం నిక్షేపంగా ఉంది. పేరుకే రాబోయేవి, ఉన్నవన్నీ రాలిపోయినవి. తప్పు ముందు నాదే. పెట్టమన్న కాగితం పెట్టాను, తీయమని ఎవరూ అనలేదు కదా అని వదిలేశాను.

పాతవన్నీ పీకేశాక మిగిలిన 12 చదివాను. ఇన్నేళ్లలో వాటిని గుచ్చడమే గానీ నిలబడి చదవడం అదే మొదటిసారి అని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అన్నిటిదీ ఒకటే పోలిక. పైన సంస్థ పేరు, గుర్తు. మధ్యలో పెద్దల పేర్లు, హోదాలతో సహా. కింద లావుపాటి అక్షరాల్లో "చివరి తేదీ". వెళ్లాలనుకున్న పిల్ల రేపు పొద్దున్నే లేచి ముందుగా ఏం చెయ్యాలో ఒక్క కాగితంలోనూ లేదు.

ఇదొక సమస్యా అంటారేమో. పోయిన చలికాలం జరిగింది చెబుతాను. ఎమ్మెస్సీ మొదటి ఏడాది చదివే ఒక అమ్మాయి ఈ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. విదేశంలో వేసవి రెండు నెలలు ఒక ప్రయోగశాలలో పనిచేసే అవకాశం. ఖర్చులన్నీ వాళ్లే పెట్టుకుంటారు. గడువు ఇంకా 26 రోజులుంది. బాల్‌పెన్నుతో ఎడమ అరచేతిలో తేదీ రాసుకుంది. "టైముంది కదా మేడమ్, ఇంటర్నల్స్ అయ్యాక చూస్తా" అంది. నేనూ "అవును తల్లీ, ముందు పరీక్షలు చూసుకో" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆరు రోజులుందనగా ఫారం తెరిచింది. నా బల్ల పక్కనున్న కంప్యూటరే కాబట్టి అంతా కళ్లెదుటే జరిగింది. పేరు, మార్కులు, ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక పేజీ. అక్కడిదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ఇద్దరు అధ్యాపకుల ఈమెయిళ్లు అడిగింది. సిఫారసు ఉత్తరాలు ఈమె పంపితే చెల్లవు. ఆ సంస్థే అధ్యాపకులకు లింకు పంపుతుంది, వాళ్లే నేరుగా అప్‌లోడ్ చెయ్యాలి. ఈమెకూ వాళ్లకూ గడువు మాత్రం ఒకటే. ఒక సార్ వేరే ఊళ్లో సదస్సులో ఉన్నారు. ఇంకో మేడమ్ "దాందేముందమ్మా, రాస్తాను" అన్నారు గానీ, వచ్చిన లింకు ఆమె స్పామ్‌లో పడి ఉంది. ఆమె అక్కడ చూడలేదు, చూడమని చెప్పాలని ఈ అమ్మాయికి తెలీదు. మార్కుల ధ్రువపత్రం కోసం పరీక్షల విభాగానికి వెళితే వారం పనిదినాలు పడుతుందన్నారు. బతిమాలితే నాలుగు రోజుల్లో ఇచ్చారు. చివరి రోజు మేం తలుపులు వేసే వేళకి ఒక ఉత్తరమే చేరింది. రెండోది పంపబోతే మర్నాడు పొద్దున్న ఆ లింకు తెరుచుకోలేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. తీసుకున్న పుస్తకాలు మూడూ తెచ్చి బల్ల మీద పెట్టి, "రెన్యువల్ వద్దు మేడమ్" అని వెళ్లిపోయింది.

ఎవరిని తప్పుపడతాం? అందరూ ఎప్పటిలాగే, ఎప్పటి వేగంతోనే పనిచేశారు. ఆ వేగం ఎంతో ముందే తెలిసుంటే 26 రోజులు బోలెడు. ఆ అమ్మాయికి అసలు గడువు కాగితం మీదున్న తేదీ కాదు. టీచర్లను అడగాల్సిన రోజు, ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాల్సిన రోజు. అవి ఎక్కడా అచ్చుకాలేదు.

సిఫారసు ఉత్తరం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనే అధ్యాపకులు తక్కువేం లేరు. అప్పుడు ఇరవై ఏళ్ల పిల్లలు తమను తాము పక్కవాళ్లలా పొగుడుకోవాలి. ఆ తంటాలు నా ఎదురుగానే జరుగుతుంటాయి. ఒకబ్బాయి "ఈ విద్యార్థి చాలా వినయవంతుడు" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి తలెత్తి "మేడమ్, నేను వినయవంతుణ్ణేనా?" అని అడిగాడు. ఏం చెప్పను!

తేదీ ఒక్కటే కాదు, ఎవరికి అన్నది కూడా సరిగ్గా రాయరు. ఐసీపీసీ అని ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల మధ్య జరిగే ప్రోగ్రామింగ్ పోటీ ఉంది. మా బోర్డు మీదికి దాని కాగితం "ఆసక్తిగలవారు నమోదు చేసుకోగలరు" అని వస్తుంది. ఆసక్తి ఒక్కటీ చాలదు. జట్టుకు ముగ్గురుండాలి, వెనక ఒక కోచ్ ఉండాలి. ముగ్గురికీ కలిపి ఒకటే కంప్యూటర్, అయిదు గంటల సమయం. ఒకరు టైపు చేస్తుంటే మిగతా ఇద్దరూ కాగితం, పెన్ను పట్టుకుని తర్వాతి లెక్క తేల్చాలి. అంటే కలిసి సాధన చెయ్యడానికే కొన్ని నెలలు కావాలి. గదిలో ఒక్కడే కూర్చుని బ్రహ్మాండంగా కోడింగ్ చేసే పిల్లాడు ఆ కాగితం చూసి ఇది నాకేననుకుంటాడు. నమోదు చెయ్యబోయేటప్పుడు తెలుస్తుంది, ఇంకో ఇద్దరిని వెతుక్కోవాలని.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ కాగితం "విద్యార్థులకు సువర్ణావకాశం" అన్న శీర్షికతో వచ్చింది. ఆఖరి ఏడాది పిల్లాడొకడు మూడు వారాలు కూర్చుని దానికి వ్యాసాలు రాశాడు. దానికి కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి. గంటల్లో అయితే 2,800 అని నిబంధనల్లోనే ఉంది. కాలేజీ దాటని పిల్లాడికి ఎక్కడినుంచి వస్తుంది? మరోపక్క ఎరాస్మస్ ముండస్ సంగతి దీనికి తిరగేసినట్టుంటుంది. 2004లో మొదలైన ఈ యూరప్ మాస్టర్స్ చదువులో కనీసం రెండు దేశాల్లో చదవాలి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. పట్టా చేతికొచ్చాక చూద్దామని ఆగినవాళ్లకు ఏడాది పోతుంది, ఎందుకంటే ఎక్కువ కోర్సుల దరఖాస్తులు అక్టోబర్, జనవరి మధ్యనే తీసుకుంటారు. రాకూడనివాణ్ణి రమ్మని, రావాల్సినవాణ్ణి ఆగమన్నట్టుంది మా బోర్డు.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌ది ఇంకో రకం. 2005 నుంచి నడుస్తోంది. ఎంపికైనవాళ్లు ఇంటి దగ్గరే కూర్చుని ఏదైనా ఓపెన్ సోర్స్ సంస్థకు, అంటే తమ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా చూసి వాడుకునేలా తెరిచి ఉంచేవాళ్లకు, కోడ్ రాస్తారు, భృతి వస్తుంది. సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో. మా కాగితంలో దరఖాస్తు తేదీలు మాత్రమే ఉంటాయి. వెళ్లొచ్చిన పిల్లలు చెప్పేదేమంటే, ఆ మధ్య వారాలే అసలైనవట. నచ్చిన సంస్థవాళ్లతో మాట కలిపి, వాళ్ల కోడ్‌లో ఏదో చిన్న తప్పు దిద్ది చూపించి, ప్రతిపాదన చిత్తుప్రతి వాళ్లకు చూపించుకున్నవాళ్ల దరఖాస్తుకే బరువుంటుందట. 2022 నుంచి దానికి విద్యార్థే కానక్కర్లేదు, 18 నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లయితే చాలు. చదువు మధ్యలో ఆపేసి, ఇంకా అలవాటుకొద్దీ గ్రంథాలయానికి వస్తుండే ఒకబ్బాయికి ఈ సంగతి చెప్పాను. నమ్మలేదు. పేజీ తెరిచి చూపించాల్సి వచ్చింది.

అంతర్జాతీయ సదస్సుల కాగితాల్లో తేదీ పక్కన ఒక్కోసారి ఏఓఈ అని మూడక్షరాలుంటాయి. అదేదో సంస్థ పేరనుకునేదాన్ని. ఒక పరిశోధక విద్యార్థి రాత్రి 12 దాటిపోయిందని పత్రం పంపకుండా లాప్‌టాప్ మూసేసి, తర్వాతెప్పుడో దాని అర్థం తెలిసి తల పట్టుకున్నాడు. ఎనీవేర్ ఆన్ ఎర్త్ అట. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా నడుస్తున్నంతసేపూ గడువు ఉన్నట్టే. గ్రీనిచ్ కాలానికి 12 గంటలు వెనక లెక్క. మన గడియారంలో మర్నాడు సాయంత్రం 5:30 దాకా. చేతిలో 17 గంటలు పెట్టుకుని నిద్రపోయాడు పాపం.

మంచి కాగితం ఎలా ఉంటుందో కూడా చూశాను. మూడు నిమిషాల థీసిస్ పోటీ మాటే తీసుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైంది. అక్కడ అప్పట్లో నీటి కరువట. స్నానానికి నీళ్లు పొదుపు చెయ్యడానికి జనం మూడు నిమిషాల టైమర్లు పెట్టుకునేవారట, అది చూసి పుట్టిన ఆలోచన. నియమాలు నాలుగు ముక్కలు: మూడు నిమిషాలు, కదలని స్లయిడ్ ఒక్కటి, చేతిలో వస్తువులేవీ ఉండకూడదు, సమయం దాటితే పోటీలోంచి అవుట్. దానికి వివరణ అక్కర్లేదు. ఆ కాగితం పెట్టిన మర్నాడే ఒక పరిశోధక విద్యార్థిని అరల మధ్య నిలబడి, ఫోన్లో టైమర్ పెట్టుకుని, నిఘంటువులకు తన థీసిస్ వినిపిస్తోంది. మూడు నిమిషాల పది సెకన్లు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. నిశ్శబ్దం పాటించమని నేనేమీ అనలేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. "మీరు ఎంపికయ్యారు, రుసుము కట్టి సీటు ఖరారు చేసుకోండి" అనే ఈమెయిళ్లు ప్రింటు తీసి, బోర్డులో పెట్టమని పిల్లలే తెచ్చిస్తుంటారు. అడగని సదస్సుకు, రాయని పత్రానికి ఎంపికవడం ఎలాగమ్మా అని అడిగి వెనక్కి పంపేస్తున్నాను.

ఇక మీ పత్రిక దగ్గరికి వస్తాను. మీ విద్యా పేజీ కత్తిరించి కొన్నాళ్లు బోర్డులో పెట్టాను కూడా. అందులోనూ ప్రతి ప్రకటన కిందా "దరఖాస్తుకు చివరి తేదీ" లావుగా ఉంటుంది. ఆ వరుస ఉండాల్సిందే. దాని పైన ఇంకో వరుస వెయ్యండి: "ఈ వారం చెయ్యాల్సింది". సిఫారసు ఉత్తరాలు ఎన్ని, అవి ఎవరు పంపాలి, ఏ పత్రం తీసుకోవాలి, ఏ సంవత్సరం చదువుతున్నవాళ్లకు. కాలమ్‌లో రెండు సెంటీమీటర్ల చోటు. గడువుకు మూడు రోజుల ముందు వేసే ప్రకటన అప్పటికే అన్నీ సిద్ధం చేసుకున్నవాళ్లకు గుర్తు చెయ్యడానికి పనికొస్తుంది, కొత్తగా తెలుసుకున్నవాళ్లకు టెన్షన్ పెడుతుంది.

మా బోర్డు మీద నేనే ఆ పని మొదలుపెట్టాను. ప్రతి కాగితం పక్కనా ఒక పసుపు చీటీ. దాని మీద ఎర్ర ఇంకుతో "టీచర్లను ఫలానా తేదీలోగా అడగండి, స్పామ్ చూడమని చెప్పండి" అని రాస్తున్నాను. మొదట కాగితం మీదే రాసేదాన్ని. అధికారిక నోటీసు మీద చేతిరాత ఉండకూడదని పైనుంచి మాట వచ్చింది. పక్కన ఉండకూడదని అనలేదు కాబట్టి పక్కన అతికిస్తున్నాను. సోమవారం పొద్దున్న తలుపు తీసి గడువైపోయినవి పీకేస్తున్నాను. పావుగంట పని.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండో ఏడాది. మొన్న పుస్తకం తీసుకోవడానికి వచ్చి, ఆ వేసవి ప్రయోగశాల నోటీసు మళ్లీ వచ్చిందా అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. "పర్లేదు మేడమ్, సార్‌ని మాత్రం అడిగేశాను" అంది.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగిని